ఈనాటి చెయ్యి

బస్సు దిగి ఇంటి వెనక తాటాకు పాక దాకా వచ్చిన కుసుమ గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల లక్కబొమ్మల చక్రం గిర్రున తిరుగుతోంది. దాని ముందు వదిన మంగవేణి కూర్చుని, తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తోంది. పక్కన చిన్న పీట మీద తండ్రి అప్పలసూరి. పక్షవాతంతో పడిపోయిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళు రెండు కోడలి మణికట్టు కింద ఆనించాడు. ఆ వేళ్ళు లేస్తే కడ్డీ లేస్తోంది, దిగితే దిగుతోంది.

"నొక్కీకే గుంటా. తాకీ తాకనట్టుండాల," అన్నాడాయన.

ఆ పిలుపు కుసుమ చెవిలో సూదిలా దిగింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆ ఇంట్లో 'గుంట' అంటే, పిల్ల అంటే, తనే. ఇప్పుడా పిలుపు ఇంకొకరికి పోయింది. అసలు బాధ అది కూడా కాదు. వాళ్ళు వేస్తున్నది ఆఖరి పూత.

ఆ ఊళ్ళో లక్కపని చేసే ఇళ్ళన్నిటికీ ఒక కట్టుబాటు ఉంది. ఆడపిల్లలు కర్ర కొయ్యవచ్చు, రంగు నూరవచ్చు, మొదటి పూతలు వెయ్యవచ్చు. ఆఖరి పూత మాత్రం వాళ్ళ కంట పడకూడదు. ఒక్కో ఇంటి బొమ్మది ఒక్కో మెరుపు. పెళ్ళయి వెళ్ళిపోయే పిల్ల ఆ మెరుపును పరాయి ఇంటికి మోసుకుపోతుందని భయం. అప్పలసూరి చేసిన బొమ్మ మీద దీపం వెలుగు పడితే దాని లోపల ఇంకో దీపం వెలిగించినట్టుండేది. ఆ పూత వేసే వేళకు ఆయన చక్రం చుట్టూ గోనెపట్టా కట్టి, కూతుర్ని దూడను తోలినట్టు కుడిచేత్తో బయటికి తోలేవాడు. కుసుమ గోనెకు ఇవతల నిలబడి చక్రం చప్పుడు వింటూ పెరిగింది. చదువుకుంది. తిరిగి తిరిగి, చేతుల గురించే పరిశోధన చేసే చోట ఉద్యోగం తెచ్చుకుంది.

కోడలి సంగతి వేరు. ఇంటికి వచ్చిన మనిషి, ఎక్కడికీ పోదు. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టుకునే పిల్ల, చక్రం మొహం చూడని పిల్ల, ఆయనకు చెయ్యి పడిపోయాక వచ్చి పక్కన కూర్చుంది. గోనెపట్టా ఇప్పుడు పెరట్లో చింతపండు కింద పరిచి ఉంది.

కుసుమ మొహం మీదికి నవ్వు తెచ్చుకుని లోపలికి వెళ్ళింది. తను తెచ్చిన కబురు చెప్పింది.

విశాఖపట్నంలో ఆమె పనిచేసే ప్రయోగశాల మనిషి చేతిపనికి నకలు తీస్తుంది. తలకు మెత్తటి టోపీ తొడిగి, మెదడులో చేతుల్ని నడిపించే భాగం ఎలా ఉందో అలాగే రాసుకుని, హస్తనిధి అనే డేటాబేసులో దాచిపెడతారు. తరవాతెప్పుడైనా దెబ్బ తగిలో జబ్బు చేసో ఆ పని పోతే, దాచినదాన్ని మెదడులో బాగున్న చోట తిరిగి నింపుతారు. యంత్రం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆయనకింకా పక్షవాతం రాకముందు, కుసుమ సరదాకి తండ్రి తలకు టోపీ తొడిగి నకలు తీసింది. దాన్ని తిరిగి నింపడానికి ఇప్పుడు అనుమతి వచ్చింది.

అప్పలసూరి చాలాసేపు ఒళ్ళోని చేతివంకే చూసుకున్నాడు. ఒకసారి దాన్ని ఎడమచేత్తో ఎత్తి, బరువు చూస్తున్నట్టుగా పట్టుకుని, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. మంగవేణి చక్రం ఆపింది.

"పాతదొచ్చీస్తే, ఇప్పుడున్నదేటవుతాది?" అని అడిగింది.

"ఏమీ కాదు వదినా. ముందు ఇప్పటిది దాచుకుంటాం," అంది కుసుమ. అప్పటికి అది నిజమే.

సాయంత్రం అన్న తవిటినాయుడు తన ఆటోలో బస్సు దగ్గర దింపుతూ, నాన్నకి రెండో చెయ్యి మీ వదినే అయిపోయింది, నువ్వు ఆ చెయ్యి తెచ్చిచ్చేస్తే పాపం దాని ఉద్యోగం పోతుంది అని వేళాకోళం చేశాడు. కుసుమ నవ్వలేదు. కానీ బస్సులో దారి పొడుగునా ఆ మాటను తాటిబెల్లం ముక్కలా బుగ్గన పెట్టుకుని చప్పరించింది. దాని ఉద్యోగం పోతుంది.

*

నకలు తిరిగి నింపే పనిముట్టును రాసింది కుసుమే. అందులో చిక్కొకటుంది. రెండు చేతుల పనీ మెదడులో చాప అల్లినట్టు అల్లుకుని ఉంటుంది. ఒక పాయ లాగితే చాపంతా కదులుతుంది. కుడిచేతికి పాత పని ఇవ్వాలంటే, ఆ తరవాత ఎడమచెయ్యి నేర్చుకున్నది కూడా చెరిగిపోతుంది. మనిషికి జ్ఞాపకాలు పోవు. చేతులు మాత్రం మరిచిపోతాయి.

అందుకే ఆమె పనిముట్టుకు ఒక నడవడి నేర్పింది. ఎవరూ ఏమీ ఎంచకుండా ఉత్తినే 'మొదలు' నొక్కితే, అది ముందుగా ఈనాటి చేతికి నకలు తీసుకుంటుంది. ఆ నకలు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటుంది. ఆ తరవాతే పాతదాన్ని ఒక పగటిపూట అరువుగా పెడుతుంది. రోగి ఆ చేత్తో పనిచేసి చూసి, నోరు తెరిచి 'ఇదే ఉండనీ' అంటేనే నిలుపుతుంది. ఏమీ అనకపోతే సాయంత్రానికి ఈనాటిదే మళ్ళీ వచ్చేస్తుంది. తలుపు మూసి ఉండటం దానంతట అది జరగాలి, తెరవడానికే మనిషి చెయ్యి కావాలి అని ఆమె అందరితో వాదించేది. ఎవరైనా ఆ మెట్లు దాటించి నేరుగా పాతదాన్నే నింపాలంటే దారి లేకపోలేదు. కానీ అప్పుడు పనిముట్టు రెండు ప్రశ్నలు అడుగుతుంది: నువ్వెవరు, ఎందుకు?

ఆ 'ఎందుకు' దగ్గరే కుసుమ చిక్కుకుపోయింది.

ఊరినుంచి వచ్చిన మర్నాడు తండ్రి పేరు తెరమీదికి తెచ్చుకుని కూర్చుంది. ఈనాటి నకలు అక్కరలేదు అని ఎంచింది. ఎందుకు అంది యంత్రం. ఏం రాస్తుంది? మా వదిన మణికట్టు కింద ఆ రెండు వేళ్ళు నేను చూడలేను అని రాస్తుందా? ఆయన ఎడమచేతికి ఆ పిల్ల చెయ్యి తెలియని రోజు మళ్ళీ రావాలని రాస్తుందా? వేళ్ళు మీటల మీద పెట్టింది, తీసేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తెర ఆపేసి వెళ్ళి మంచినీళ్ళు తాగింది.

ఆ వారం సమావేశంలో షరీఫ్ పాత గొడవే మళ్ళీ ఎత్తాడు. అతను కుసుమతోపాటే చేరిన ఇంజనీరు, రోగుల వరస చూసేవాడు. ఈనాటి నకలు తియ్యడానికి సగం పూట పడుతోంది, మెట్ల మీద కూడా జనం కూర్చుంటున్నారు, ఎవరో ఒకరిద్దరికి తప్ప అది అక్కరకే రాదు, కావలసినవాళ్ళే అడిగి తీయించుకునేలా మార్చమన్నాడు. ప్రతిసారీ కుసుమ ఇంతెత్తున లేచేది. ఈసారి తల వంచుకుని, సరే మారుద్దాం అంది. షరీఫ్, బాగా ఆలోచించుకునే అంటున్నావా అని రెండుసార్లు అడిగాడు. ప్రయోగశాల పెద్ద, డాక్టర్ విశాలాక్షి, రాసినమ్మాయే ఒప్పుకున్నాక మనదేముంది అని ముగించింది.

అంతే. ఇంక ఎవరూ ఎవరికీ ఎందుకో చెప్పనక్కరలేదు. తండ్రి వరస వచ్చిననాడు కుసుమ ఏమీ ఎంచదు, ఏ తప్పూ చెయ్యదు. ఉత్తినే 'మొదలు' నొక్కుతుంది. ఎంచకపోవడం వల్ల జరిగినదానికి దోషం ఎవరిది?

ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్రపట్టింది.

*

అప్పలసూరి కన్నా ముందు వరసలో నూకరత్నం ఉంది. బట్టల కంపెనీలో చేత్తో ఎంబ్రాయిడరీ కుట్టే పిల్ల. కంపెనీవాళ్ళు కుట్టేవాళ్ళందరికీ నకళ్ళు తీయించి ఉంచారు. ఆమెకు కానుపప్పుడు మెదడులో నరం చిట్లి కుడిచెయ్యి పడిపోయింది. చెయ్యి వస్తే మళ్ళీ పనిలోకి తీసుకుంటామన్నారట. ఎడమ భుజం మీద పిల్లవాణ్ణి వేసుకుని నవ్వుకుంటూ వచ్చింది. వాణ్ణి తల్లి చేతికిచ్చి టోపీ తొడిగించుకుంది. కుసుమ 'మొదలు' నొక్కింది.

తెల్లగుడ్డ చేతికిస్తే నూకరత్నం కుడిచెయ్యి చకచకా నెమలికన్ను కుట్టేసింది. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈలోగా పిల్లవాడు ఏడవడం మొదలెట్టాడు. ఆమె రెండు చేతులూ చాచి అందుకుంది.

అందుకున్నాక ఆ చేతులకు ఏం చెయ్యాలో తెలియలేదు. తల ఏ వైపు ఉండాలో, మోచెయ్యి ఎక్కడికి వంచాలో, వీపు మీద ఎక్కడ తట్టాలో వాటికి తెలియలేదు. నకలు పిల్లవాడు పుట్టకముందుది. బజార్లో ఎవరో క్షణం పట్టుకోమని ఇచ్చిన బిడ్డను పట్టుకున్నట్టు, ఒంటికి దూరంగా, బిగదీసుకుని పట్టుకుంది. వాడు మొహం కందగడ్డ చేసుకుని గుక్కపట్టాడు. ఎత్తుకున్నది తల్లేనని ఒంటికి తెలియక తల అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"నా కొడుకేనమ్మా ఈడు," అంది నూకరత్నం, ఎవరో కాదన్నట్టుగా. "నాకు తెలుసు. నా సేతులకే తెల్డం లేదు. ఇందాకటిది మళ్ళీ ఎట్టీండి."

ఇందాకటిది లేదు. ఎవరూ అడగలేదు కనక యంత్రం తియ్యలేదు.

పిల్లవాణ్ణి అమ్మమ్మ తీసుకుంది. రోజూ ఎత్తుకుంటే మళ్ళీ అలవాటవుతుందని షరీఫ్ ధైర్యం చెబుతున్నాడు. అవుతుంది నిజమే. కానీ పురిటినుంచి పట్టిన నెలలన్నీ మళ్ళీ మొదటినుంచి పట్టాలి. ఆ పిల్ల గుమ్మం దాటుతూ కూడా తన చేతులకేసి పరాయివాటిని చూసినట్టు చూసుకుంటూ వెళ్ళింది.

కుసుమ నీళ్ళగదిలోకి వెళ్ళి మొహం కడుక్కుంది. అద్దంలోకి చూడలేకపోయింది. తరవాత తిన్నగా విశాలాక్షి గదికి వెళ్ళింది. షరీఫ్ అప్పటికే అక్కడున్నాడు, తప్పు తనదేనని చెబుతున్నాడు.

"ఆ మార్పు అడిగింది నేను కదా," అన్నాడు కుసుమతో.

"నువ్వు అడిగింది టైము కోసం. నేను ఒప్పుకున్నది అందుకు కాదు," అంది.

అని, ఎందుకో చెప్పింది. పాక గుమ్మం దగ్గరినుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. విశాలాక్షి విన్నాక, ఇవాళే పాత నడవడి తిరిగి పెట్టమని షరీఫ్‌తో అంది. కుసుమను మాత్రం ఇంక ఆ యంత్రం ముట్టుకోవద్దంది. అప్పలసూరి చికిత్స షరీఫ్ చేస్తాడు, నువ్వు కూతురిలా బయట కూర్చో అంది. ఆ పూటే నూకరత్నం ఇంటి చిరునామా తీసుకుని, జరిగింది చెప్పి రావడానికి తనూ వస్తానని లేచింది. ఆ ఇంట్లో కుసుమ పడవలసిన మాటలన్నీ పడింది.

*

అప్పలసూరిని తీసుకుని మంగవేణి వచ్చింది. షరీఫ్ ప్రయోగశాల వరండాలో చిన్న చక్రం బిగించి పెట్టాడు. యంత్రం పొద్దున్నే ఈనాటి చేతికి నకలు తీసుకుంది, సరిచూసుకుంది. ఆ తరవాత పాత చెయ్యిని అరువు పెట్టింది.

ఒళ్ళో పడి ఉన్న కుడిచెయ్యి లేచింది. ఎవరో పిలిస్తే లేచినట్టు లేచి, అంకుడు కర్రను పట్టుకుంది.

ఆ పనితనం కుసుమ ఎన్నాళ్ళకో చూసింది. ఉలి పెట్టడం, కర్ర పొట్ట ఉబ్బడం, మెడ సన్నబడటం, అంతా నీళ్ళు పోసినట్టు జారిపోతోంది. ముసలాయన కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. మంగవేణి లక్క కడ్డీ ఒకటి చేత్తో పట్టుకుని, అలవాటు కొద్దీ పక్కన వచ్చి కూర్చుంది. ఆయన ఎడమచెయ్యి ఆమె మణికట్టును వెతకలేదు. కర్ర రెండో కొసను పట్టుకుని తన పని తను చేసుకుంటోంది. కాసేపటికి మంగవేణి లేచి స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడింది. కుసుమ అది చూసింది. ఇన్నాళ్ళూ ఏ క్షణం కోసం కాచుకుందో అది వచ్చింది. లోపల ఏదో ఒక్కసారి గెంతింది కూడా. ఆ గెంతు నూకరత్నం గుమ్మం దాటిన దృశ్యం దాకా వెళ్ళి ఆగిపోయింది.

పచ్చలక్క అయింది, ఎర్రలక్క అయింది. ఆఖరి పూత వచ్చింది.

కుడిచెయ్యి కడ్డీ అందుకోబోయి, గాలిలో ఆగింది. పక్కకు తిరిగి దేనికోసమో తడుముకుంది. అక్కడ గోనెపట్టా లేదు. రెండోసారి తడిమింది. దొరకకపోయేసరికి ఒళ్ళంతా దానంతట అది గోడవైపు తిరిగిపోయింది. మోచేతులు రెక్కల్లా విచ్చుకుని చక్రాన్ని కప్పేశాయి. కుడిచెయ్యి వెనక్కి వచ్చి, వేళ్ళ వెనకవైపుతో, బయటికి పొమ్మని విసిరింది.

కూతురి వైపొకసారి. కోడలి వైపొకసారి.

అప్పలసూరే ఉలిక్కిపడ్డాడు. "నేను కాదమ్మా," అన్నాడు. "ఇదే... దీనికదే అలవాటు."

కుసుమ గోడకు జారగిలబడింది. వదిన తననుంచి ఏదో లాక్కుందని ఇన్నాళ్ళూ ఏడ్చింది. లాక్కోవడానికి ఈ చెయ్యి తనకెప్పుడైనా ఏమైనా ఇచ్చిందా? తను హస్తనిధిలో భద్రంగా దాచి, ఒక బిడ్డ తల్లి చేతులు పణం పెట్టి వెనక్కి తేబోయింది, తనను గెంటిన చెయ్యినే. గోనెపట్టా విప్పింది వదిన కాదు. కుడిది పడిపోయాక, ఇంకొకరి మణికట్టు లేనిదే సాగని ఆ ఎడమచెయ్యే విప్పింది.

అయినా మోచేతుల చాటున ఆఖరి పూత పడనే పడింది. ఆ బొమ్మ మెరుస్తోంది. లోపల దీపం ఉన్నట్టే ఉంది.

"రెండూ ఉండవేటి నాయనా?" అని అప్పలసూరి షరీఫ్‌ను అడిగాడు.

ఉండవన్నాడు షరీఫ్. పాతది కావాలంటే ఆ మాట అనండి, నిలుపుతాను అన్నాడు. ఏమీ అనకపోతే సాయంత్రానికి ఇప్పటిదే వస్తుంది, పాతది ఎక్కడికీ పోదు, ఇంకోరోజు కావాలన్నా వచ్చి అడగవచ్చు అన్నాడు. ఆయన తల ఊపాడు. మెరుస్తున్న బొమ్మను కుడిచేత్తోనే తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం ఆ చేత్తోనే కలుపుకుని తిన్నాడు. షరీఫ్ మరో రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళాడు. ఆయన నోరు తెరవబోయి, ఊరుకున్నాడు. ఉంచెయ్ అనాలని ఆయనకెంత ఉందో ఆ పెదవులు చూస్తేనే తెలుస్తోంది. వద్దు అనడం కూడా ఆయన వల్ల కాలేదు.

ఎండ మెట్లు దిగిపోయింది. యంత్రం ఎవరినీ ఏమీ అడగకుండా ఈనాటి నకలును తిరిగి పెట్టింది. బొమ్మ పట్టుకున్న కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. బొమ్మ జారుతుంటే ఎడమచెయ్యి వచ్చి, వంకరగానే అయినా, దాన్ని పట్టుకుంది. ఆయన అలాగే తల వాల్చుకుని కూర్చున్నాడు. ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు.

తవిటినాయుడు ఆటో వచ్చేదాకా వదినా ఆడపడుచూ మెట్ల మీద కూర్చున్నారు. మంగవేణి కొంగుతో చేతికంటిన లక్క గీక్కుంటూ, తలెత్తకుండానే అడిగింది.

"మంచి సెయ్యి నీ పెట్టెలో ఉంది. నాకొచ్చింది అవిటిది. దాన్ని కూడా లాగీసుకుందామనుకున్నావేటి?"

కుసుమకు అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. "అవును వదినా," అంది.

మంగవేణి ఆశ్చర్యపోలేదు. గీక్కోవడం ఆపలేదు. "మొదటి ఏడాదంతా, నా సేతిలో కడ్డీ జారినప్పుడల్లా 'మా గుంటయితే ఇలాగ పట్టదు' అనీవోడు. నిన్ను తలుసుకుంటే నాకు అన్నం సయించీది కాదు. మొన్నమొన్ననే ఆ మాట మానీసినాడు."

ఆ మాట కుసుమ ఎన్నడూ వినలేదు. గోనెపట్టాకు అవతల ఉన్నాయన తన చేతుల్ని చూస్తున్నాడని ఆమెకు తెలియదు. ఆఖరి పూత నేర్పుతావా వదినా అని అడిగింది.

"నేర్పను," అంది మంగవేణి. చెప్పేసి, తన మాటకు తనే కొంచెం బెదిరినట్టు పక్కకు చూసింది. "ఇప్పుడే కాదు. కొన్నాళ్ళు నన్నొక్కదాన్నే ఉండనీ. నువ్వు నాకన్నా బాగా పట్టీస్తావు, నాకు తెలుసు."

కుసుమ సరేనంది. కడుపులో మంట మండుతూనే ఉంది. పక్కన కూర్చున్న మనిషి కడుపులో కూడా అలాంటిదే మండుతోంది. ఇద్దరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు, ఎవరూ ఎవరిదగ్గరా ఏమీ దాచుకోకుండా.